రొట్టెల భట్టీలో హారతి

ఆ దీవికి నేనిప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వెళుతున్నాను. మూడేళ్ళు అక్కడే కాపురం ఉన్నవాణ్ణి. ఇప్పుడు పదిహేను రోజులకొక ఆదివారం పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో, కెమెరాలు మెళ్ళో వేసుకున్న యాత్రికుల వెనక, వరసలో నిలబడతాను.

బోటు నడిపే సరంగు పోలయ్యది మా టెక్కలి వైపే. నన్ను చూడగానే తాడు విప్పుతూ మొదలెడతాడు.

"ఏటి బావా, అత్తోరింటికేనా? కొత్తల్లుడిలాగ ఎంత శుభ్రంగా తయారయ్యావు."

"నీకూ ఓ పెళ్ళాం ఉంటే తెలుస్తాది."

"ఉందిలే. నెలకోసారి మొహం చూపిస్తే సాలంటాది."

ఆ శుభ్రం ఎలాంటిదో పోలయ్యకు తెలియదు. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచీ సబ్బు ముట్టను. తలకు నూనె రాయను. బొట్టు పెట్టుకోను. బట్టలు ఉత్త నీళ్ళలో జాడించి, ఎండలో ఆరేసి, వేరే మూట కడతాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి నుదుట బొట్టు లేకుండా గుమ్మం దాటని మనిషిని. ఇప్పుడు నా భార్యను చూడడానికి వెళ్ళేటప్పుడు మాత్రం బోసి నుదుటితో వెళుతున్నాను.

మూడు గంటల ప్రయాణం. ముందు సముద్రంలో ఒక నల్లటి గీత కనిపిస్తుంది. తర్వాత చెట్లు, చెట్ల మధ్య ఎర్ర ఇటుక గోడలు. ఆ దీవికి ఎవరో తెల్లదొర పేరుంది గానీ అది మా నోట పలకదు. మనవాళ్ళు జింకల దీవి అంటారు. వంద సంవత్సరాల కిందట దొరలు అక్కడ చర్చి కట్టుకున్నారు, నాట్యమాడుకోడానికి పెద్ద హాలు కట్టుకున్నారు, రొట్టెలు కాల్చుకోడానికి భట్టీ కట్టుకున్నారు. ఇప్పుడు చర్చికి కప్పు లేదు. హాలు గోడలను జువ్వి వేళ్ళు కావలించుకుని నిలబెట్టాయి. ఆ వేళ్ళు తీసేస్తే గోడ పడిపోతుంది, గోడ తీసేస్తే చెట్టు పడిపోతుంది. చిన్న చిన్న సమాధులు పదిహేడున్నాయి, అన్నీ ఏడాది నిండని పిల్లలవి. వాటి మధ్య నెమళ్ళు మేస్తూ ఉంటాయి.

నా పేరు బొడ్డేపల్లి ముఖలింగం. పదో తరగతి చదివాను. అటవీ పరిశోధనా కేంద్రంలో సహాయకుడిగా చేరి ఆ దీవికి వచ్చాను. నా భార్య దమయంతి అక్కడి సిబ్బందికి వంట చేసేది. సిబ్బంది అంటే ఎంతమంది, డాక్టర్ హైమవతి గారొక్కరే. రాజమండ్రి మనిషి. జంతువుల మెదడు గురించి పెద్ద చదువులు చదివి, మా పక్కన రేకుల గదిలో ఉంటూ, దమయంతి చేసిన ఉలవచారు రెండుసార్లు పోయించుకుని తాగేవారు.

ఈ దీవికి జబ్బు చేసిందని ఆవిడ అంటూ ఉండేవారు. వచ్చిన కొత్తలో నేను అడిగాను. "ఇంత ముచ్చటైన జింకలుండగా ఈ దీవికేటి జబ్బు మేడమ్?"

ఆవిడ నన్ను ఏటవాలు గట్టు మీదికి తీసుకెళ్ళారు. అక్కడ పెద్ద చెట్లున్నాయి, నేల మీద ఎండుటాకులున్నాయి. మోకాలెత్తు మొక్క ఒక్కటి లేదు.

"చూశారా లింగం గారూ, ఇది పిల్లల్లేని ఊరండి. దొరలు వేటాడుకోడానికి ఓ డజను జింకల్ని తెచ్చి వదిలారు. వాళ్ళు పోయారు. పులి లేదు, కుక్క లేదు. డజను కాస్తా మూడొందలైంది. మొలిచిన ప్రతి మొక్కా తినేస్తున్నాయి. ఈ చెట్లు పడిపోతే మట్టంతా సముద్రంలోకి పోద్ది."

"మరేం చేస్తారు?"

"సగాన్ని కాల్చెయ్యమంటున్నారు పైవాళ్ళు. నేను ఏడాది గడువడిగాను. వీటికి భయం తెలీదండి. అదే జబ్బు. పులిని తేలేం కదా. భయాన్నొక్కదాన్నీ తేగలమేమో చూస్తాను."

ఆవిడ ఒక ఆవిరి తయారుచేశారు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది పీలిస్తే కాసేపు గుండె దడదడలాడుతుంది, అంతే. కానీ ఒంటికి ఆ దడ ఎందుకొచ్చిందో తెలియదు కదా. కారణం వెతుక్కుంటుంది. ఆ సమయంలో ముక్కుకు ఏది గట్టిగా తగిలితే దాన్నే కారణమనుకుని, దాన్ని చూసి జన్మంతా భయపడుతుంది. ఆ ముక్కుకు తగిలించడానికి ఇంకో సీసా చేశారు, దాని మీద పద్నాలుగు అని అంకె వేసి ఉండేది. నాకు మూత తీసి చూపించారు. అది మల్లె కాదు, బురద కాదు, లోకంలో దేని వాసనా కాదు. మొక్కలు పెరగాల్సిన చోట ఆ వాసన రాసిన కర్రలు పాతితే జింకలు అటు రావు. మిగతా చోట హాయిగా మేస్తాయి. ఒక్క తూటా పేలనక్కర్లేదు.

నాకు అది చాలా పుణ్యమైన పని అనిపించింది. ఇప్పటికీ ఆవిడ ఉద్దేశంలో దోషం కనిపించదు.

మొదటి ప్రయోగం రొట్టెల భట్టీలో పెట్టారు. దీవి మొత్తం మీద కప్పు చెదరని కట్టడం అదొక్కటే. దమయంతి ఉప్పు గల్లు చూపించి పిలిస్తే పంతొమ్మిది జింకలు ఆమె వెనకే లోపలికి వచ్చాయి. ఆమెకు ఒక్కొక్కదాని పేరూ తెలుసు. యంత్రం ఒక మూల, జింకల మధ్య దమయంతి, గుమ్మం దగ్గర నేను. డాక్టరు గారు వెనకవైపు జనరేటరు దగ్గర ఉన్నారు.

మా వైపు ఏ యంత్రమైనా మొదటిసారి నడిపేటప్పుడు కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వకుండా మీట నొక్కరు. ట్రాక్టరైనా అంతే, మరబోటైనా అంతే. ముందురోజే మేడమ్ గారిని అడిగాను. "కొట్టండి, నా పేరున కూడా ఒకటి కొట్టండి," అని నవ్వారు. తెల్లవారుజామునే కొట్టేస్తాననుకున్నారట. కానీ ఆ రోజు తొమ్మిదిన్నర దాకా వర్జ్యం ఉంది. వర్జ్యంలో ఎవరు కొడతారు? యంత్రం వేడెక్కాలని ఆవిడ తొమ్మిదింటికే మొదటి మీట నొక్కారు. అసలు మీట నొక్కే ముందు ముహూర్తం చూసుకుని చేద్దామని నేను కాచుకున్నాను.

ఇద్దరికీ మూతి ముసుగులిచ్చారు. తొమ్మిది నుంచి తియ్యొద్దని చెప్పారు. నేను తియ్యలేదు. ఆవిడ చెప్పారని కాదు. హారతికి ఊపిరి తగలకూడదని. తొమ్మిదిన్నర దాటగానే కొబ్బరికాయ కొట్టి, పళ్ళెంలో ముద్దకర్పూరం వెలిగించి, సింహాద్రి అప్పన్నను తలుచుకుని యంత్రానికి మూడుసార్లు తిప్పాను. పళ్ళెం దమయంతి ముందు పెట్టాను. ఆమె ముసుగుతోనే చేతులు చాపింది.

"మూతి మూసుకుని హారతి తీసుకుంటారేటి? తియ్యి," అన్నాను.

"మేడమ్ గారు తియ్యొద్దన్నారు కదండీ."

"ఇంకా అసలు మీట నొక్కలేదే. ఒక్క నిమిషం."

ఆమె ముసుగు కిందికి లాగి, మంటకు చేతులు చూపి, కళ్ళకద్దుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. ఆమెకు కర్పూరం వాసనంటే ఇష్టం.

"గుండె దడగా ఉందండీ," అంది.

"పొద్దుట్నుంచి ఏటీ తినలేదు. అందుకే."

యంత్రం వేడెక్కేటప్పుడే కొంత ఆవిరి వస్తుందని నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు.

ప్రయోగం బాగానే జరిగిందనుకున్నాం. రెండు రోజుల తర్వాత పద్నాలుగో నంబరు రాసిన కర్ర దగ్గరికి ఆ పంతొమ్మిది జింకల్లో ఒక్కటీ రాలేదు. డాక్టరు గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. దమయంతి సేమ్యా పాయసం చేసింది.

నాలుగో రోజు పొద్దున్న పూజ చేసుకుని ఆకుల బుట్టతో వెళ్ళాను. మంగ అని ఒక ముసలి పెంటి జింక ఉండేది. దమయంతే పేరు పెట్టింది. నా చేతిలో తింటుంది. అది పది గజాల దూరంలో తల ఎత్తి, తోక లేపి, సమాధుల మీదుగా దూకి పారిపోయింది. నాకు నవ్వొచ్చింది. మర్నాడు కూడా అలాగే జరిగింది. ఆ మర్నాడు పూజ మానుకుని వెళ్ళాను. అది వచ్చి తింది. జేబులోంచి కర్పూరం పొట్లం తీశాను. తల ఎత్తింది, పారిపోయింది.

భట్టీలో జింకలతో పాటు ఇంకెవరున్నారో గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి దమయంతి వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. ఐదారు రోజులుగా నేను హారతి ఇచ్చే వేళకు ఆమెకు ఏదో ఒక పని తగులుతోంది. పాలు పొంగుతున్నాయనేది, గంపలో గుడ్లు చూసి వస్తాననేది. ఆ రోజు తనే చెప్పింది.

"నేనేం పాపం సేసినానో తెల్దండీ. హారతి దగ్గరకొస్తే పారిపోవాలనిపిస్తాది. మా అమ్మకి సెప్పుకోలేను, ఎవులికీ సెప్పుకోలేను. సామి నన్ను గుమ్మంలోకి రానివ్వటం నేదు."

నేను అప్పుడే చెప్పవలసింది. నోటి దాకా వచ్చింది. చెబితే ప్రయోగం ఆగిపోతుంది, తుపాకులు వస్తాయి, అనుకున్నాను. మేడమ్ గారి ఏడాది కష్టం బూడిదవుతుంది, అనుకున్నాను. ఇవన్నీ తర్వాత కూర్చుకున్న కారణాలు. అసలు కారణం సిగ్గు. నా భక్తి వల్ల ఇలా జరిగిందని నా నోటితో చెప్పడానికి సిగ్గు.

"ఏదో కలత. రోజూ తీసుకుంటే అదే పోతాది," అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా మాట నమ్మకపోవడం ఆమెకు తెలియదు. ఒంటిపూట ఉపవాసం పట్టింది. అప్పన్నకు తలనీలాలు మొక్కుకుంది. రోజూ స్నానం చేసి, తడి జుట్టుతో, పళ్ళు బిగబట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడేది. నేను పళ్ళెం చాపేవాణ్ణి. ఆమె కళ్ళు పళ్ళెం మీద నుంచి నా చేతి మీదికి, చేతి మీద నుంచి మొహం మీదికి పోయేవి. చేతులు మంటకు చూపించి, కళ్ళకద్దుకుని, పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకునేది. అలా పదకొండు రోజులు.

పన్నెండో రోజు నేను పళ్ళెం పట్టుకోలేదు. స్నానం చేసి ఉత్త చేతులతో వస్తున్నాను. ఆమె ముగ్గు వేస్తోంది. నన్ను చూసి ముగ్గుగిన్నె వదిలేసింది. లేచి గోడ వెంట వెనక్కి జరిగింది.

"రావద్దండీ," అంది. "దండం పెడతాను, రావద్దు."

నేను ఒక అడుగు వేశాను. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తింది. వానలో, కప్పు లేని చర్చిలోకి. వెళ్ళి చూస్తే జింకల మధ్య నిలబడి ఉంది. నేను గుమ్మంలోకి రాగానే అవన్నీ ఒక్కసారి తల ఎత్తాయి. ఆమె కూడా వాటితో పాటే ఎత్తింది.

అక్కడి నుంచి తిన్నగా డాక్టరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"మొదటి రోజే చెప్పి ఉంటే కర్పూరం దగ్గరే ఆగిపోయేదండి," అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "భయం తీగ లాంటిది లింగం గారూ. పక్కన ఏ కర్ర ఉంటే దాని మీదికి పాకుద్ది. పదకొండు రోజులు మీరు ఆ కర్రలా నిలబడ్డారు."

"దించే మందు లేదా మేడమ్?"

"నా దగ్గర లేదండి. ఎక్కించడం ఒక్కటే నేర్చుకున్నాను." తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఇంకో సంగతి. ఇది నేను రాసి పైకి పంపితే పెద్ద డాక్టర్లు వస్తారు. మీ ఆవిడని చూస్తారు, ఏదైనా దారి దొరకొచ్చు. కానీ మనిషి మీద కూడా పని చేస్తోందని లోకానికి తెలిసిపోద్ది. జింకల కోసం కాకుండా వేరే పనికి కొనుక్కోడానికి ఎవరెవరు వస్తారో నాకు తెలుసు. రాయకపోతే ఆవిరి ఇక్కడితో ఆపేస్తాను. విఫలమైందని రాసేస్తాను. కానీ మీ ఆవిడకి వైద్యం ఉండదు. మీరే చెప్పండి."

"నేనెవర్ని చెప్పడానికి," అన్నాను. "ఆమెనే అడగాలి."

దమయంతికి అంతా చెప్పాను. ఆమె చర్చి లోపల, నేను బయట గోడకు ఆనుకుని. మొహాలు కనపడకుండా. గోడ అవతల నుంచి ఏడుపు వినపడింది. అది బాధతో ఏడ్చిన ఏడుపు కాదు.

"అయితే సామికి నా మీద కోపం నేదన్నమాట," అంది.

"లేదు."

"నేను పాపమేటీ సెయ్యలేదు."

"నువ్వు చెయ్యలేదు. నేను చేశాను."

వాన ఆగింది. ఒక నెమలి గోడ మీదికి ఎగిరి వచ్చి నన్ను చూసి కూర్చుంది.

"పదకొండు రోజులు తెలిసే ఉంది కదండీ మీకు," అంది దమయంతి. "నేను వాంతులు సేసుకుంటంటే నీళ్ళచెంబు అందించినారు కూడాను."

ఆమె ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

డాక్టరు గారి ప్రశ్న కూడా చెప్పాను. దానికి ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు.

"రాయొద్దని సెప్పండి. ఎవులో ఒకడు ఆ సీసా పట్టుకుని ఊళ్ళ మీద పడతాడు. అన్నం వాసనకి భయపడేలా సేత్తాడు. బిడ్డ ఒంటి వాసనకి తల్లి భయపడేలా సేత్తాడు. నాకొచ్చింది నాతోనే పోనీండి."

డాక్టరు గారు యంత్రాన్ని విప్పి సముద్రంలో వేశారు. ప్రయోగం విఫలమైందని రాసి పంపారు. రెండు నెలలకు తుపాకులవాళ్ళు వచ్చి నూట యాభై జింకలను కాల్చారు. ఆ నాలుగు రోజులూ దమయంతి తన పంతొమ్మిదింటినీ భట్టీలోకి తోలుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుందట. వాళ్ళు ఆమెను లేపలేక పోయారని మేడమ్ గారు చెప్పారు. అప్పటికే నేను ఆ దీవి వదిలేశాను. ఇద్దరిలో ఒకరు వెళ్ళాలి. జింకలను వదిలి రానని ఆమె అంది. అవి ఆమెను చూసి పారిపోవు. నన్ను చూసి పారిపోతాయి.

ఇప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక గోడౌనులో కాపలా ఉంటున్నాను. గుడికి వెళతాను. హారతి ఇచ్చేటప్పుడు మాత్రం బయటికి వచ్చి నిలబడతాను, ఆ వాసన నాకు అంటకుండా. మండపం మెట్ల మీద కూర్చుని అడుగుతూ ఉంటాను. స్వామీ, ఆ రోజు నేను వెలిగించింది నీకా, నా మనసులోని అలవాటుకా? ఆమె చెప్పిన మాట విని ముసుగు తియ్యమనకుండా ఉంటే నీకు తక్కువయ్యేదా? ఆయన నిందించడు. జవాబూ చెప్పడు. అడగడం తప్పు కాదనుకుంటున్నాను.

మొన్న ఆదివారం యాత్రికులు భట్టీ దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే నేను పడమటి ఒడ్డుకు నడిచాను. దమయంతి అక్కడ రాతి మెట్ల మీద కూర్చుని ఉంది. సన్నబడింది. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. జింకలు ఆమె చుట్టూ పడుకుని ఉన్నాయి. గాలి సముద్రం మీద నుంచి నా మొహానికి కొడుతోంది. ఆమె వాసన నాకు వస్తుంది, నా వాసన ఆమెకు పోదు. ఇరవై అడుగుల దూరంలో ఒక ఇటుక దిమ్మ మీద కూర్చున్నాను. నన్ను చూస్తే కూడా ఆమెకు కొంచెం కష్టమే. అందుకని సముద్రం కేసి తిరిగి కూర్చుంటుంది.

"ఏటి తిన్నారు?" అని అడిగింది.

"నిన్న నేనే పులుసు పెట్టుకున్నాను."

"ఏం పులుసు?"

"బెండకాయ."

"బెల్లం ఏసినారా?"

"మరిచిపోయాను."

"అందుకే సన్నబడినారు," అంది. వెనక నుంచి చూసినా నవ్వుతోందని తెలిసింది. "డాక్టరమ్మ మొన్నొచ్చి సూసినారు. రెండు జింకలకి కొంచెం తగ్గినట్టుందంట. మంగకి తగ్గలేదు. ముసల్ది కదా."

"నీకో?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"పొద్దుట మీరొస్తారని తెలిసినప్పుడు సంతోషంగా ఉంటాది. బోటు కూత ఇనపడగానే సేతులు చల్లబడతాయి. రెండూ ఒక్కసారే ఉంటాయండీ. ఏది నాదో, ఏది ఆ ఆవిరిదో ఇప్పుడు తెలుస్తోంది. అదొకటి మేలు."

నేను ఊళ్ళో సంగతులు చెప్పసాగాను. ఆమె చెల్లెలు పార్వతమ్మ కోడలికి నెల తప్పిందని, కొత్త ఇంటికి రేకులు వేశారని, పార్వతమ్మ నీళ్ళ మోటారు విషయంలో ఎదురింటివాళ్ళతో పోట్లాడిందని. ఆమె మధ్య మధ్య ఊ కొడుతోంది. అంతలో గాలి తిరిగింది. ఆ దీవిలో మధ్యాహ్నం దాటాక ఒక్కోసారి అలా తిరుగుతుంది.

ముందు మంగ తల ఎత్తింది. తర్వాత మిగతావి. దమయంతి మెడ బిగుసుకుంది. ఆమె లేవడం ఆమెకు ఇష్టం లేదని నాకు తెలుసు. కానీ కాళ్ళు లేచాయి. జింకలు ఒక పక్క, ఆమె ఒక పక్క, ఒడ్డు వెంట దూరంగా నడుచుకుంటూ పోయారు. పరుగెత్తకుండా ఉండడానికి ఆమె కొంగు పిడికిలిలో బిగించి పట్టుకుంది. నేను లేవలేదు. లేస్తే ఇంకా దూరం పోతుంది.

చర్చి గోడ మలుపులో ఆగింది. అక్కడి నుంచి ఆమె నాకు కనిపించదు, నేను ఆమెకు కనిపించను. కొంత సేపటికి ఆమె గొంతు వచ్చింది. ఆయాసపడుతోంది.

"పార్వతి ఏటందో సెప్పండి," అంది. "ఇక్కడికి ఇనపడతంది."

నేను గొంతు పెంచి, నీళ్ళ మోటారు గొడవ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.